డోలీ బరువు

తెల్లవారకముందే లేచి రాగి సంగటి తినడం, తింటున్నంతసేపూ పెళ్ళాం మునిరత్నమ్మతో తగువు పడటం, ఆ తర్వాత అలిపిరికి పోయి పాదాల మండపం పక్కన డోలీ దించుకుని కూర్చోవడం. ఓబయ్య పొద్దు ఇలాగే మొదలయ్యేది. ఆ ఏడాది, అంటే పందొమ్మిది వందల నలభై మూడులో, తగువంతా ఒకే విషయం మీద జరుగుతూ వచ్చింది. కొండ మీదికి రోడ్డు వేస్తున్నారు.

"రోడ్డు పడితే బస్సులు పోతాయి. బస్సులు పోతాంటే మీ డోలీ ఎవురెక్కుతారు?" అని మునిరత్నమ్మ అడిగేది.

"సామి చూసుకుంటాడు లే," అనేవాడు ఓబయ్య.

"సామి చూసుకునేటట్టయితే నువ్వు గమ్మున నిద్దరపో. రేయంతా అట్టా ఇట్టా దొర్లి నా నిద్దర కూడా పాడుజేస్తావెందుకు?"

ఈ మాటకు ఓబయ్యకు ఒళ్ళు మండేది. పెళ్ళాం అబద్ధం చెప్పి ఉంటే అంత మండేది కాదు. పక్క మీద దొర్లుతున్నప్పుడు అతని బుర్రలో ఒకటి కాదు, నాలుగు దారులు తిరిగేవి. కోలారు బంగారు గనికి పోవాలా, రోడ్డు తెరిచాక బస్సు కడిగే పనికి కుదరాలా, కొండ మీద బస్సు ఆగేచోట మజ్జిగ అంగడి పెట్టుకోవాలా, లేక అత్తగారి ఊరికి పోయి బావమరుదుల కాళ్ళ కింద పడి ఉండాలా. ఏ దారిలో పోయినా చివర గోడ కనబడేది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకో దారి పట్టేవాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అందరితోనూ "సామి చూసుకుంటాడు" అనే అనేవాడు. రోజంతా గోవిందనామం పలికే మనిషి ఇంకోలా అంటే బాగుండదు కదా.

డోలీ అంటే పెద్ద వస్తువేమీ కాదు. రెండు పొడుగాటి వెదురు బొంగులు, వాటి మధ్య తాళ్ళతో బిగించిన పీట. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మోస్తారు. ముందు కుడిపక్క ఓబయ్య, ఎడమపక్క అతని బావమరిది వెంకటముని, వెనక ఏకాంబరం, మునస్వామి. నడవలేని ముసలివాళ్ళను, కాళ్ళనొప్పుల వాళ్ళను మెట్లదారిలో కొండెక్కించడం వాళ్ళ బతుకు. వాళ్ళ నాయనలూ తాతలూ చేసిందీ అదే.

బేరం కుదిరే ముందు డోలీవాళ్ళు మనిషి లావు చూడరు. "ఏమనుకోని వచ్చినారు?" అని అడుగుతారు. తిరుమల కొండ మీద డోలీ బరువు ఒంటి బరువు కాదని తిరుపతిలో అందరికీ తెలుసు. మనసులో ఏది గట్టిగా పట్టుకుని కూర్చుంటే దాని బరువే భుజం మీద పడుతుంది. ఆ మధ్య గుడియాత్తం నుంచి ఒక జవుళి వ్యాపారి వచ్చాడు. మనిషి వడ్లగాదెలా ఉన్నాడు. ఊరికే దేవుణ్ణి చూసిపోదామని వచ్చాడు. చేటలో పొట్టు మోసినట్టు మోసుకుపోయారు. అదే వారంలో పరీక్ష రాయబోయే కాలేజీ పిల్లవాడు ఒకడు ఎక్కాడు. ఈనెపుల్లలాంటివాడు. పరీక్ష, దాని తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత పెళ్ళి, పుట్టబోయే పిల్లల పేర్లతో సహా పట్టుకుని కూర్చున్నాడు. నలుగురికీ నడుములు వంగిపోయాయి. సగం దారిలో దించి, "నాయనా, పిల్లల పేర్లన్నా సామికి ఇడిచిపెట్టు" అని బతిమాలితే కొంచెం తేలికయ్యాడు.

వదిలిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొండకేసి తిరిగి నోటితో చెప్పాలి. చెప్పిన మాట మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి లేదు. తీసుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఎవరు ఏది పట్టుకున్నారో బొంగు భుజాన పెట్టుకోగానే చెప్పేస్తానని ఓబయ్య గొప్పలు పోయేవాడు. చాలాసార్లు చెప్పేవాడు కూడా. అందుకే ఆ కార్తీక మాసపు పొద్దున పలమనేరు నుంచి వచ్చిన చంద్రకాంతమ్మ విషయంలో అంత విసిగిపోయాడు.

ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. బొట్టు లేని నుదురు, ఎముకలు లెక్కపెట్టగలిగినంత సన్నటి ఒళ్ళు. యుద్ధం మూలాన బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయి కాబట్టి ఆ బొగ్గు మసి ఇంకా చెంపల మీద ఉంది. కూడా వచ్చిన ఊరివాళ్ళు నడిచి ముందే పోయారు. ఈమెకు కుడి మోకాలు సాగదు.

"ఏమనుకోని వచ్చినావు తల్లీ?" అని అడిగాడు ఓబయ్య.

"ఏమీ అనుకోలేదప్పా. ఒకసారి సామిని చూసిపోదామని వచ్చినా."

అందరూ అదే అంటారు. ఓబయ్య వెంకటముని వైపు చూసి కన్ను గీటాడు. నలుగురూ వంగి "గోవిందా" అని లేపారు. డోలీ లేవలేదు. ఇంకోసారి పళ్ళు బిగించి లేపితే లేచింది గానీ ఓబయ్య మెడ నరం పట్టేసింది. ధాన్యం బండి చక్రం వచ్చి భుజం మీద ఆగినట్టుంది.

"అమ్మా," అన్నాడు మెడ తిప్పలేక మెట్లకేసే చూస్తూ, "మా కాడ దాచితే లాభం లేదు. నీ మనసులో ఉండేది మా భుజాలకు తెలస్తాది."

"నేనేం దాచినానప్పా?"

"అది నువ్వే చెప్పాల."

"మోకాలు నొప్పి. అది గాక ఏముండాది నా కాడ?"

అప్పుడే కొండ అవతలి పక్కనుంచి ఢామ్మని చప్పుడు వచ్చింది. రోడ్డు పనివాళ్ళు బండలు పేలుస్తున్నారు. ఆ చప్పుడుతో పాటు బొంగు ఇంకాస్త కిందికి నొక్కింది. ఈమె ఉలిక్కిపడింది, లోపల పెద్దదే ఏదో దాగి ఉంది అనుకున్నాడు ఓబయ్య.

తలయేరు గుండు దగ్గర దించారు. ఆ బండకు మోకాలు ఆనించి మొక్కితే కాళ్ళనొప్పులు పోతాయని అందరూ ఆనిస్తారు. ఆ బండలో మోకాళ్ళంత గుంటలు పడ్డాయి కూడా. చంద్రకాంతమ్మ కూడా ఆనించి లేచేసరికి నలుగురూ చెమటలు కక్కుతూ ఆమెనే చూస్తున్నారు.

"ఏందప్పా అట్టా చూస్తారు? సరే, చెప్తా. మా ఆయన పోయి రెండేండ్లయింది. మా తమ్ముడు సుందరరాజు చిత్తూరులో ఉండాడు. ఒక్కదానివే పలమనేరులో ఆవుల్తో ఏం అగచాట్లు పడతావు, అన్నీ అమ్మేసి మా ఇంటికి వచ్చేయక్కా అన్నాడు. సరే అన్నా. నాకొక గది కట్టిస్తా ఉండాడు. అంతే."

"గది ఏ పక్క?"

"తూర్పు పక్క. ఎండ తగలాలని నేనే అడిగినా."

"అద్దీ," అన్నాడు ఓబయ్య, దొంగను పట్టుకున్నవాడిలాగా. "తూర్పు పక్క గది. దాన్ని పట్టుకోని కూర్చున్నావు."

"ఒక గది ఇంత బరువుంటాదా?"

"గదంటే ఊరికేనా తల్లీ. గోడలుంటాయి, దూలాలుంటాయి," అన్నాడు వెనకనుంచి మునస్వామి. అతను వెక్కిరించడం లేదు. భుజం రుద్దుకుంటూ నిజంగానే ఆలోచించి చెప్పాడు.

చంద్రకాంతమ్మ కొండకేసి తిరిగి, "సామీ, తూర్పు పక్క గది నాకొద్దు. పడమటి పక్కే ఇయ్యనీ, వసారాలోనే పడుకోబెట్టనీ, నీ ఇష్టం" అనేసి వచ్చి పీట మీద కూర్చుంది. లేపారు. చిన్నమెత్తు కూడా తగ్గలేదు.

అక్కడినుంచి గాలిగోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి. నాలుగడుగులకోసారి ఆగడం, ఆగినప్పుడల్లా ఓబయ్య కసరడం, చంద్రకాంతమ్మ ఇంకోటి వదిలిపెట్టడం. మరదలు తనను ఎదురుమాట అనకూడదన్న కోరిక వదిలేసింది. పొద్దున్నే కాఫీ ఇస్తే బాగుండుననే ఆశ వదిలేసింది. చివరికి మోకాలు కూడా వదిలేసింది.

"నొప్పి ఉంచితే ఉంచనీ, తీస్తే తియ్యనీ. అది కూడా నీదే సామీ. ఇప్పుడన్నా తేలికయినానా?"

"లేదు," అన్నాడు ఓబయ్య.

"నీ తల."

"నా తల కాదమ్మా, నా మెడ. ఇన్నేండ్లలో నీయంత మొండి మనిషిని మోయలేదు. అన్నీ చిల్లరవి ఇడిచిపెడతాండావు. పెద్దదాన్ని కోకలో మూటగట్టి దాచుకోనుండావు."

గాలిగోపురం దగ్గర డోలీ దించారు. అక్కడ నిలబడితే కింద తిరుపతి అంతా కనిపిస్తుంది. చెట్ల మధ్య కొత్తగా తవ్విన రోడ్డు కూడా కనిపిస్తుంది. ఎర్రమట్టి మెలికలు తిరుగుతూ పైకి వస్తోంది. పోయిన వారం చూసినప్పుడు ఆ మెలిక ఇంత పైకి రాలేదు. ఓబయ్య ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకున్నాడు. ఎండాకాలానికి అయిపోతుంది అనుకున్నాడు. కోలారులో చలి ఎట్టా ఉంటుందో అనుకున్నాడు. ఆ వెంటనే చంద్రకాంతమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

"అమ్మకం ఇడిచిపెట్టు," అన్నాడు.

"ఏంది?"

"నేల, ఆవులు అమ్ముతా ఉండావు చూడు. ఆ అమ్మకం. బరువంతా దాని కాడ ఉండాది."

చంద్రకాంతమ్మ పీట తాడు గట్టిగా పట్టుకుంది. "బేరం కుదిరిపోయిందప్పా. ఉగాది దాటినాక రాసిస్తామని మాటిచ్చినాం. మా తమ్ముడు ఏమంటాడు?"

"ఏమో. నువ్వు చూసిపోదామనే వచ్చినానంటివి గదా."

దారిన పోయే యాత్రికులు ఆగి చూస్తున్నారు. ఇంత సన్నటి మనిషి కింద నలుగురు మగవాళ్ళు ఇట్లా నలిగిపోతున్నారంటే ఈమె ఏం పట్టుకుందో అని గుసగుసలాడుకుంటున్నారు. ఒక ముసలామె దగ్గరికొచ్చి, "ఇడిచిపెట్టమ్మా, పాపం మోసేవాళ్ళు" అని చెప్పి పోయింది. చంద్రకాంతమ్మకు తల కొట్టేసినట్టయింది. పీట దిగి, చెంగు నడుముకు దోపి, కొండకేసి తిరిగింది.

"సామీ, పలమనేరులో నేల అమ్మను. ఆవుల్ని అమ్మను. తమ్ముడింటికి పోను. ఇంక నన్ను యాడ పెడతావో, ఎట్టా బతికిస్తావో నువ్వే చూసుకో." పక్కన మరమరాలు తింటున్న వాళ్ళు కూడా నమలడం ఆపేశారు.

అట్లా రా దారికి అనుకున్నాడు ఓబయ్య. ఎదుటి మనిషి బతుకు అంతా ఒక్క మాటతో తలకిందులైందని కాస్త జాలి కూడా పడ్డాడు. తలగుడ్డ సర్దుకుని, నలుగురూ ఉత్సాహంగా వంగి "గోవిందా" అన్నారు.

ముందుకంటే బరువుగా ఉంది.

అక్కడినుంచి దారి చదును. అయినా నాలుగు బారలు పోయేసరికి ఏకాంబరం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. డోలీ ఒక పక్కకు ఒరిగింది. చంద్రకాంతమ్మ దూకేసింది.

"చాలప్పా మీ డోలీ," అంది. "ఇంక నా కాడ ఏం లేదు. కట్టుకున్న కోక, ఈ పాడు మోకాలు. ఇంకేం ఇడవమంటారు? నడిచే పోతా."

కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఓబయ్య విసురుగా, "లేపండ్రా, ఖాళీ డోలీ తీసుకోని ఎనకాలే పోదాం. ఎంత దూరం నడుస్తాదో చూద్దాం" అన్నాడు. నలుగురూ వంగారు. ఖాళీ డోలీ నేలనుంచి లేవలేదు.

బొంగులు మార్చి పట్టుకుని ఇంకోసారి లేపి చూశారు.

"బావా," అన్నాడు వెంకటముని, "ఈ పీట మీద ఇప్పుడు ఎవురుండారు?"

చంద్రకాంతమ్మ కూడా ఆగి వెనక్కి తిరిగింది. ఓబయ్య పీట కిందికి వంగి చూశాడు. అక్కడ ఏముంటుంది. ఏకాంబరం కొంచెం ఆలోచించి, ఒక్కొక్కరే బొంగు వదిలి చూద్దామన్నాడు. మునస్వామి వదిలాడు. మిగతా ముగ్గురి వల్లా కాలేదు. వెంకటముని వదిలాడు. అంతే. ఏకాంబరం వదిలాడు, అంతే. చివరికి, "మీ పిచ్చి గాకపోతే" అని తిట్టుకుంటూ ఓబయ్య చెయ్యి తీశాడు. బలం కొద్దీ ఎత్తుతున్న ముగ్గురూ వెల్లకిలా పడబోయారు. డోలీ ఎగిరి వాళ్ళ తలల మీదికి వచ్చింది.

చంద్రకాంతమ్మ ఒక బండ మీద కూర్చుని ఓబయ్యను కిందినుంచి పైదాకా చూసింది.

"నీదా?" అంది.

ఓబయ్య చెయ్యి ముందుకు చాచి వేలి కొసతో బొంగును తాకాడు. డోలీ ధబ్బున కింద పడింది. ఆ వేలు కోసి పారేస్తే బాగుండనిపించింది అతనికి.

"మోసేవాడి బరువు డోలీ మీద పడిందని నేను యాడా వినలేదు," అన్నాడు మునస్వామి. "మోసేవాడికి ఏముంటాది? మా నాయనకు రేపంటే డోలీనే. మా తాతకూ అంతే."

అదే సంగతి. రేపు ఏమవుతుందో తెలియకపోవడం అంతవరకూ డోలీవాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ జరగలేదు. దరిద్రం ఉండేది గానీ అది కూడా నిన్నటిలాగే ఉండేది. దాన్ని గురించి ఆలోచించాల్సిన పని లేదు. రోడ్డు వచ్చి ఓబయ్యకు మొదటిసారిగా రేపటి దిగులు తగిలించింది. రోడ్డు మెలిక పైకి వచ్చినకొద్దీ అదీ పెరిగి, ఈ పొద్దు బొంగు మీదికి దిగింది.

"నా గది ఇడిపించినావు," అంది చంద్రకాంతమ్మ. గొంతు పెంచలేదు. "నా కాఫీ ఇడిపించినావు. మోకాలు ఇడిపించినావు. కుదిరిన బేరం ఇడిపించినావు. మా తమ్ముడికి నేను ఏ మొహం పెట్టుకోని చెప్పాల? ఇప్పుడు నీది ఇడువు."

"నా కాడ ఏముండాదమ్మా. అంతా సామికే ఇడిచిపెట్టినా."

"పొద్దున నేనూ అదే చెప్పినా. నువ్వు నమ్మినావా?"

ఆమెను ముగ్గురూ మోసుకుపోయారు. ముగ్గురికే ఎగురుకుంటూ పోతోంది డోలీ. ఓబయ్య వెనక ఖాళీ చేతులతో నడిచాడు. ఆ దారిలో చేతులు ఖాళీగా పెట్టుకుని నడవడం అతనికి తెలియదు. ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు, ఒకసారి తల మీద పెట్టుకున్నాడు. ఎదురుగా దిగివస్తున్న వేరే డోలీవాళ్ళు, "ఏమన్నా, ఒంట్లో బాగలేదా?" అని అడిగారు. "బాగానే ఉండా పోండ్రా" అని అరిచాడు.

మోకాళ్ళ మెట్టు కింద డోలీ దించారు. ఆ చివరి ఎక్కుడు ముగ్గురితో అయ్యేపని కాదు. డోలీ ఎంత తేలికైనా ఆ మెట్ల మీద నాలుగో భుజం లేకపోతే పక్కకు ఒరిగిపోతుంది. ఓబయ్య కొండకేసి తిరిగి నిలబడ్డాడు. ఎంతమంది చేత చెప్పించాడో ఆ మాట, తనకు నోరు రావడం లేదు.

"కోలారు ఇడిచిపెట్టినా," అన్నాడు సణిగినట్టు. వేలితో బొంగు తాకాడు. కదల్లేదు. "బస్సు కడిగే పని ఇడిచిపెట్టినా. ఎట్లయినా మనకియ్యరులే." కదల్లేదు. "మజ్జిగ అంగడి." అది చెప్పడానికి కష్టమైంది. ఆ అంగడికి అప్పటికే మనసులో తాటాకు పందిరి వేసి, ముంతలు కూడా వరసగా పేర్చి ఉన్నాడు. "ఇడిచిపెట్టినా. అత్తగారి ఊరు కూడా ఇడిచిపెట్టినా." ఇది మాత్రం సంతోషంగానే అన్నాడు. వెంకటముని మొహం మాడ్చుకున్నాడు.

బొంగు బండలాగే ఉంది.

"ఇంకేం లేవు. నాలుగే ఉన్నాయి. అయిపోయినాయి," అన్నాడు ఓబయ్య విసిగిపోయి.

"నాకెందుకు చెప్తావు? నీ సామికి చెప్పు," అంది చంద్రకాంతమ్మ.

అప్పుడు ఓబయ్యకు నిజంగా కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

"ఏంది సామీ ఇది?" అన్నాడు కొండకేసి. "మా తాత మోసినాడు, మా నాయన మోసినాడు. నీ కాడికి వచ్చేవాళ్ళ ఏడుపులన్నీ ఈ భుజాల మీదనే ఎక్కొచ్చినాయి. నీకు బస్సు కావాలంటే తెప్పించుకో, నేనొద్దన్లేదు. మమ్మల్ని ఒక మాట అడిగినావా? వీళ్ళేమవుతారని అనుకున్నావా? పొద్దున లేస్తే నా పెండ్లాం అడుగుతాది, నేను సామి చూసుకుంటాడు అంటా. అంటా గానీ నమ్మింది లేదు. నాలుగు దారులు చూసినా, ఒక్కటీ పోదు. నాకు తెలీదు. నిజంగా తెలీదు సామీ. ఇది నేను మోయలేను."

డోలీవాడి నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. ఓబయ్యే వినలేదు ఎప్పుడూ. చెప్పాక కళ్ళు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా వచ్చి తన చోట నిలబడి వంగాడు. బొంగు తనంతట తానే భుజం మీదికి వచ్చినట్టు లేచింది.

చంద్రకాంతమ్మ కుంటుతూనే గబగబా వచ్చి కూర్చుంది. మోకాళ్ళ మెట్టు ఆ రోజు ఎక్కినట్టు ఎప్పుడూ ఎక్కలేదు వాళ్ళు. ఆమె ఒక చేత్తో పీట తాడు, ఇంకో చేత్తో చెంగు పట్టుకుని, "మెల్లగా పోండప్పా, పడతా" అని మొత్తుకుంటూనే ఉంది.

దర్శనం అయి, తీర్థం ప్రసాదం తీసుకుని, దిగేటప్పుడు గాలిగోపురం దాటాక ఆమె అంది:

"ఓబయ్యా."

"ఏందమ్మా."

"నువ్వు తప్పు చెప్పినావు. నా కాడ బరువు లేదు. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు మా ఎర్రావు మొహం కనబడింది. రెండేండ్లుగా అమ్ముతా అమ్ముతా అనుకుంటా దాని మొహం చూడకుండా పాలు పిండుతాండా. తమ్ముడు చెప్పినాడని సరే అన్నా గానీ, నాకు ఇష్టమా లేదా అని నన్ను నేనే అడగలేదు."

ఓబయ్య ఊకొట్టాడు.

"ఇప్పుడు ఆవులన్నీ నాకే మిగిలినాయి. వాటిని మేపేవాడు ఉగాదికి వేరే పని చూసుకుంటానన్నాడు. నేను అమ్మేస్తానంటిని గదా, వాడిదేం తప్పు. రోడ్డు తెరిచినంక నువ్వు యాడికి పోతావు?"

"తెలీదమ్మా," అన్నాడు ఓబయ్య. ఆ మాట రెండోసారి సులువుగానే వచ్చింది.

"పలమనేరుకు రా. ఇంటిదాన్నీ పిల్లల్నీ తీసుకోని రా. పెరట్లో రెండంకణాల ఇల్లు ఖాళీగా ఉండాది."

"నాకు ఆవు పొదుగు యాడుంటాదో కూడా సరిగా తెల్దే."

"కిందుంటాది. నేను నేర్పిస్తాలే."

వెనక మునస్వామి పకపక నవ్వాడు. ఓబయ్య మాత్రం నవ్వలేదు. కొండ దిగడానికి ఇంకా సగం దారి ఉంది. పలమనేరు చల్లటి ఊరంటారు, మునిరత్నమ్మకు చలి పడదు. పిల్లలకు కంబళ్ళు కావాలి. ఆ ఎర్రావుకు దూడ ఉందో లేదో. ఉంటే ఆడదా, మగదా. ఆడదైతే అది పెద్దదై ఈనితే, యజమానమ్మను అడిగి ఆ దూడను మనం పెంచుకుంటే, దానికి మళ్ళీ ఒక దూడ పుడితే, అప్పుడు ఒక చిన్న పాక...

"బావా," అన్నాడు వెంకటముని పక్కనుంచి, బొంగు కింద వంగిపోయి. "మళ్ళా మొదలుపెట్టినావు."

"లేదురా. ఒక ఆవును గురించే గదా అనుకుంటాండా."

"ఆ ఆవే ఇప్పుడు డోలీలో ఎక్కి కూర్చోనుండాది."

ఓబయ్య భుజం చూసుకున్నాడు. నిజమే. చంద్రకాంతమ్మ పైనుంచి వంగి అతని తలపాగా మీద ఒకటి వేసింది. "ఎవురి ఆవును మోస్తాండావు నువ్వు? ఇడువు," అంది.

"సరే సామీ, ఆవు కూడా నీదే," అన్నాడు ఓబయ్య విసుగ్గా. మిగతా దారంతా కాళ్ళు వాటంతట అవే దిగాయి.

మరుసటి ఎండాకాలంలో రోడ్డు తెరిచారు. తిరుపతి అంతా చూడటానికి పోయిందట. వెంకటముని, ఏకాంబరం, మునస్వామి కూడా పోయి చూసి, బస్సు వెళ్ళాక వెనక లేచిన దుమ్ములో కాసేపు నిలబడి, ఓబయ్య చోట కుదిరిన కుర్రాడితో మళ్ళీ అలిపిరికి వచ్చి కూర్చున్నారు. మెట్లదారినే వస్తామని మొక్కుకుని నడవలేనివాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు కాబట్టి వాళ్ళ డోలీ అప్పుడే ఆగలేదు. ఓబయ్య మాత్రం ఆ పూట పలమనేరులో ఉన్నాడు. ఎర్రావు అతన్ని రెండుసార్లు తన్నింది. అతని కుడి మోకాలికి చంద్రకాంతమ్మే ఆకు నూరి కట్టు కట్టింది. రేపు కూడా తన్నుతుందా అని మునిరత్నమ్మ అడిగితే, తెలీదన్నాడు.

మధ్యాహ్నం కొట్టం ముందు నులకమంచం వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. పడుకోగానే నిద్ర పట్టింది. ఆ గురకకు ఆవులు కూడా చెవులు రిక్కించి చూశాయి. అవతల చాప మీద నడుం వాల్చిన మునిరత్నమ్మ అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి లేచి కూర్చుంది.

"అప్పుడు దొర్లి దొర్లి నిద్దర లేకుండా చేసినాడు. ఇప్పుడు ఇట్టా. ఈ మనిషితో నాకు ఏ కాలానికీ నిద్దర రాసిపెట్టలేదు," అని విసుక్కుని, చాప చంకన పెట్టుకుని చంద్రకాంతమ్మ వసారాలోకి పోయి పడుకుంది.